ఎముకలు, కీళ్ళ నొప్పులు: రోజూ అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు

ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. డాక్టరు గారి గదిలో అడగడానికి మొహమాటపడినవన్నీ, వ్యాయామం చేయించేటప్పుడు నా దగ్గర అడుగుతారు. ఊళ్ళు వేరు, వయసులు వేరు, సందేహాలు మాత్రం అవే. అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## దెబ్బా నొప్పీ రాకముందు

మనిషికి 206 ఎముకలంటారు, పసిపిల్లలకి 300 అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. పుట్టినప్పుడు సుమారు 270 నుంచి 300 దాకా విడివిడి ముక్కలుంటాయి. వాటిలో చాలా భాగం ఇంకా గట్టిపడని మృదులాస్థి. ఎదిగేకొద్దీ పక్కపక్క ముక్కలు అతుక్కుపోయి చివరికి 206 మిగులుతాయి. వెన్నునే చూడండి. మొదట 33 పూసలుంటే, అడుగున ఉన్న తొమ్మిదీ కలిసిపోయి రెండు ఎముకలవుతాయి, మొత్తం 26 అవుతాయి. ఇంకో విషయం, 206లో 106 ఎముకలు మన రెండు చేతుల్లో, రెండు పాదాల్లోనే ఉన్నాయి. చేతికి 27, పాదానికి 26. పాదం మడతపడితే బెణుకేలే అని వారాల తరబడి కుంటుతూ తిరిగేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

ఎముక రాయిలాంటిది కదా. దానికి తిండీ వ్యాయామం ఎందుకు?

ఎముకలో ప్రాణం ఉంది, రక్తం పారుతుంది. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్తది కట్టే కణాలు రోజూ పనిచేస్తూనే ఉంటాయి. సుమారు పదేళ్ళలో అస్థిపంజరం మొత్తం కొత్తదైపోతుంది. ఒంట్లో కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే దాగి ఉంటుంది. రక్తంలో తగ్గితే శరీరం అక్కడినుంచే తీసుకుంటుంది. 30 ఏళ్ళు వచ్చేదాకా కట్టడం ఎక్కువ, ఆ తర్వాత కరగడం ఎక్కువ. ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయాక కొన్నేళ్ళపాటు ఈ కరగడం మరీ వేగంగా ఉంటుంది. బరువు మోసే ఎముక గట్టిపడుతుంది, పడుకోబెట్టిన ఎముక బలహీనపడుతుంది. పదిహేనేళ్ళ అమ్మాయిని ఆడుకోనివ్వకుండా కూర్చోబెడితే, ఆ లోటు అరవై ఏళ్ళప్పుడు బయటపడుతుంది.

నాకు పాలు పడవు. కాల్షియం మాత్రలే దిక్కా?

అక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నెలసరి ఆగిన ఆడవాళ్ళకి 1200. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. సంగటి తినే ఇళ్ళలో ఇది కొత్త సంగతేమీ కాదు. పొట్టుతో ఉన్న నువ్వులు, మునగాకు, తోటకూర, ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలు కూడా మంచివే. పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. పాలకూరలో కాల్షియం ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. పప్పో గుడ్డో కూడా రోజూ ఉండాలి. మాంసకృత్తులు లేకుండా ఒక్క కాల్షియంతో ఎముక తయారవదు.

రోజూ పొద్దున్నే ఎండలో నడుస్తాను. అయినా విటమిన్ డి తక్కువని వచ్చిందేంటి?

పొద్దున ఆరున్నర ఎండ ఒంటికి హాయిగానే ఉంటుంది, కానీ విటమిన్ డి తయారుచేసే కిరణాలు అందులో దాదాపు ఉండవు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడు, అంటే ఇంచుమించు 11 నుంచి 2 మధ్య, చేతులూ కాళ్ళూ కాసేపు ఎండకి తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు. వేసవిలో వడదెబ్బ చూసుకోండి. డాక్టరు రాసిన 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టు సాధారణంగా వారానికి ఒకటి. చీటీ సరిగా చదవక రోజుకొకటి తాగేసినవాళ్ళని చూశాను. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందట. కాచి తాగితే సరిపోతుందా?

సరిపోదు, ఇంకా నష్టం. కాచితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. మిగిలిన నీళ్ళలో దాని మోతాదు పెరుగుతుంది. తాగే నీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాముకి మించకూడదు. వేరే దారి లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఏళ్ళ తరబడి అంతకన్నా ఎక్కువ తాగితే అది ఎముకల్లో చేరుతుంది, కీళ్ళ చుట్టూ ఉండే పట్టీలు గట్టిపడతాయి, వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వస్తుంది. పెరిగే పిల్లలకి మోకాళ్ళు లోపలికో బయటికో వంకర పోతాయి. ఒంట్లో కాల్షియం తక్కువున్న పిల్లలకి ఈ నష్టం ఇంకా ఎక్కువ.

మన దేశంలో ఈ జబ్బు గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. నల్గొండ పేరుతో నీళ్ళు శుద్ధి చేసే పద్ధతే ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి తేరబెట్టే ఆ విధానాన్ని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. ఇప్పుడు మీరు చేయాల్సింది నీటి పరీక్ష. బాగాలేదని తేలితే నది నీటి కుళాయికో ఆర్‌ఓ నీళ్ళకో మారండి. తాగడానికే కాదు, అన్నం పప్పు వండడానికి కూడా ఆ నీళ్ళే వాడండి. వంగిన ఎముక నీళ్ళు మార్చినంత మాత్రాన తిన్నగా అవదు, కానీ ముదరడం ఆగుతుంది.

మెటికలు విరిస్తే కీళ్ళు అరుగుతాయా?

అరగవు. కీలు లోపలి ద్రవంలో ఉండే వాయువు చేసే చప్పుడది. నొప్పీ వాపూ లేనంతవరకు దాని గురించి టెన్షన్ పడొద్దు.

## దెబ్బ తగిలిన రోజు

బాబు పడ్డాడు, చెయ్యి కదుపుతున్నాడు. అంటే విరగలేదనే కదా?

అలా అనుకోవద్దు. పిల్లల ఎముక పచ్చి కొమ్మలాంటిది, ఒకవైపు చిట్లి రెండోవైపు వంగి ఆగిపోతుంది. అలాంటి చేతిని కదపగలుగుతారు కూడా. ఒక్కచోట వేలు పెట్టి నొక్కితే ఏడవడం, వాపు, చెయ్యి వాడకుండా ఒళ్ళో పెట్టుకోవడం, ఇవి కనిపిస్తే ఎక్స్‌రే తీయించండి. ఈలోగా అట్టముక్కో మడిచిన న్యూస్‌పేపరో ఆసరాగా పెట్టి, గుడ్డతో వదులుగా కట్టి, మెడకి వేలాడదీయండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టండి. నూనె రాసి మర్దన చేయించొద్దు, లాగించొద్దు. ముఖ్యంగా మోచెయ్యికి దెబ్బ తగిలాక మర్దన చేస్తే కండలోనే ఎముక తయారై కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు.

పుత్తూరు కట్టు కట్టించుకోవచ్చా?

చిత్తూరు వైపు ఈ కట్టుకి తరాల నుంచి పేరుంది. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు దబ్బలతో కదలకుండా కడతారు. పక్కకి జరగని చిన్న చిట్లు ఏదైనా, కదలకుండా ఉంచితే చాలా వరకు అతుక్కుంటుంది. అందుకే అక్కడ బాగైనవాళ్ళ మాట అబద్ధం కాదు. కానీ ఎక్స్‌రే చూడకుండా అది చిన్న చిట్లో, కీలులోకి దిగిన పగులో బయటినుంచి ఎవరికీ తెలియదు. చర్మం చీలి ఎముక బయటపడినా, కీలు దగ్గర విరిగినా, తుంటి విరిగినా, పిల్లలకి మోచెయ్యి పైభాగం విరిగినా కట్టుకట్టే చోటికి వెళ్ళొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

ఒక తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి మూడో రోజు మా దగ్గరికి తీసుకొచ్చారు. వాళ్ళ ఊరి దగ్గరే ఎవరో మోచేతికి కట్టు కట్టారు. రాత్రంతా ఏడిస్తే నొప్పి సహజమే అన్నారట. కట్టు కోసి తీసేసరికి వేళ్ళు చల్లగా, నల్లబారి, పిడికిలిలా ముడుచుకుని ఉన్నాయి. లోపల వాపుకి చోటు లేక కండలకి రక్తం ఆగిపోయింది. ఎముక అతికింది, కానీ ఆ వేళ్ళతో పెన్ను పట్టుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

మా అమ్మకి 76 ఏళ్ళు. బాత్రూంలో పడింది, లేవలేకపోతోంది, కాలు బయటికి తిరిగి ఉంది. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకని మా వాళ్ళంటున్నారు.

పడ్డాక లేవలేకపోవడం, ఆ కాలు కాస్త పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరగడం తుంటి దగ్గర తొడ ఎముక విరిగినప్పుడు కనిపించే గుర్తులు. వయసు ఎక్కువ కాబట్టే ఆపరేషన్ త్వరగా కావాలి. ఒళ్ళు తట్టుకునే స్థితిలో ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే చేస్తారు. మంచానికే పరిమితమైతే వీపున పుండ్లు పడతాయి, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. ప్రాణం పోయేది వీటివల్లే. గుండె, షుగర్, బీపీ ఉన్నాయని వారం రోజులు ఆలోచిస్తూ కూర్చోవద్దు, మత్తు డాక్టరుతో ఆ రోజే మాట్లాడండి.

ఇంట్లో ఇంకెవరైనా పెద్దవాళ్ళుంటే ఈ రోజే బాత్రూంలో పట్టుకోవడానికి ఇనుప కడ్డీ బిగించండి, రాత్రి వెలిగే చిన్న లైటు పెట్టండి, జారే పట్టాలు తీసేయండి.

## కట్టు ఉన్నప్పుడు, విప్పాక

సిమెంట్ కట్టు వేశారు. వేళ్ళు కాస్త వాచాయి. ఇది మామూలేనా?

మొదటి రెండు రోజులు కొంచెం వాపు మామూలే. చెయ్యిని గుండెకంటే ఎత్తులో దిండు మీద పెట్టి, వేళ్ళు ఆడిస్తూ ఉంటే తగ్గుతుంది. నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా, వేళ్ళు మీరు నెమ్మదిగా చాపితే కేక పెట్టేంత నొప్పి వచ్చినా, తిమ్మిరెక్కినా, చల్లబడినా, రంగు మారినా తెల్లవారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రైనా వెళ్ళి కట్టు వదులు చేయించండి.

ఎముక ఎన్నాళ్ళకి అతుక్కుంటుంది? పథ్యం ఉండాలా?

పెద్దవాళ్ళకి చేతి ఎముకలు ఇంచుమించు ఆరు వారాలు, కాలి ఎముకలు పన్నెండు వారాలు. పిల్లలకి ఇంకా తొందరగా. విరిగినచోట ముందు రక్తం గడ్డకట్టి, దాంట్లో మెత్తని జిగురులాంటి ఎముక పుట్టి, తర్వాత గట్టిపడుతుంది. పాత ఆకారానికి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. చీము పడుతుందని గుడ్డు, పప్పు, మాంసం మాన్పించేస్తుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు, ఇప్పుడే అవి ఎక్కువ కావాలి. మానాల్సింది సిగరెట్టు, బీడీ. అవి ఎముక అతకడాన్ని బాగా ఆలస్యం చేస్తాయి.

కట్టు విప్పితే చెయ్యి సన్నగా, బిగుసుకుపోయి ఉంది. భయంగా ఉంది.

ఆరు వారాలు వాడని కండ కరగడం సహజం. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు పెట్టి, నొప్పి మొదలయ్యే చోటు వరకు మీ అంతట మీరే వంచండి, చాపండి. పూటకి కొద్దిసేపు, రోజుకి నాలుగైదుసార్లు. ఇంకొకరు బలవంతంగా వంచకూడదు.

## నొప్పులు మొదలయ్యాక

మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందన్నారు. మళ్ళీ పెరిగే మందు ఉందా?

గుజ్జు అని మనం అనేది ఎముకల చివర నున్నగా పరుచుకున్న మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు, అందుకే తనంతట తాను బాగుపడే శక్తి బాగా తక్కువ. అరిగినదాన్ని మళ్ళీ పూర్తిగా మొలిపించే మాత్ర ఇంతవరకు లేదు. వేలకి వేలు పోసి డబ్బాలు కొనేముందు ఇది తెలుసుకోండి. అలాగని చేతులెత్తేయాల్సిన పనీ లేదు. ఎక్స్‌రేలో అరుగుదల ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరు పొలం వెళ్తారు, ఇంకొకరు గుమ్మం దాటలేరు. తేడా చాలావరకు తొడ కండ బలంలోనూ ఒంటి బరువులోనూ ఉంటుంది. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

నొప్పి ఉన్నప్పుడు నడిస్తే ఇంకా అరిగిపోదా?

ఈ భయంతోనే చాలామంది అమ్మలు కుర్చీకి అతుక్కుపోతున్నారు. మృదులాస్థికి ఆహారం అందేది కీలు లోపలి ద్రవం నుంచే. కదిలినప్పుడు, బరువు పడి లేచినప్పుడే ఆ ద్రవం లోపలికి ఇంకుతుంది. కదలకపోతే దానికి తిండి లేదు. చదునైన నేల మీద మీకు కుదిరినంత నడవండి. మర్నాటికి నొప్పి పెరిగి ఉంటే కాస్త తగ్గించండి, మానేయొద్దు.

నేను అందరికీ మొదట నేర్పేది ఇదొక్కటే. మంచం మీద కాలు చాపి కూర్చోండి. టవల్‌ని గట్టిగా చుట్టి మోకాలి కింద పెట్టండి. ఆ చుట్టని నలిపేస్తున్నట్టు మోకాలిని కిందకి నొక్కి, పది లెక్కపెట్టి వదలండి. సరిగా చేస్తే మోకాలి చిప్ప పైకి జరుగుతుంది, తొడ మీద చెయ్యి పెట్టి చూస్తే కండ రాయిలా తగులుతుంది. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఆరు వారాలు వదలకుండా చేసి చూడండి.

చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?

నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత్తో. కుడి మోకాలు నొప్పయితే ఎడమ చేత్తో. కర్రా నొప్పి కాలూ కలిసి ముందుకు పడాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. నాకు 38 ఏళ్ళే. అరుగుదలేనా?

అరుగుదల కాకపోవచ్చు. రెండు చేతుల్లో వేళ్ళ కణుపులు, మణికట్లు ఒకేలా వాచి, బిగుతు గంటసేపు వదలకపోతే కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అయుండొచ్చు. ఆడవాళ్ళలో ఎక్కువ. శరీరంలోని రక్షణ వ్యవస్థే కీళ్ళ పొర మీద దాడి చేసే జబ్బిది. రక్తపరీక్షలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే గుర్తు లేకపోయినా జబ్బు ఉండొచ్చు. మొదటి నెలల్లో రుమటాలజిస్టుని, అంటే ఇలాంటి వాతాలు చూసే డాక్టరుని కలిస్తే వేళ్ళు వంకర పోకుండా కాపాడుకోవచ్చు, ఆలస్యం చేస్తే పోయిన కీలు తిరిగి రాదు. సాధారణంగా ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. వేసుకోవాల్సిన ఆ ఒక్క రోజు పేరు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి.

చికున్‌గున్యా తగ్గి నాలుగు నెలలైంది. కీళ్ళ నొప్పులు పోవట్లేదు.

కొందరికి నెలల తరబడి ఉంటాయి. 2005 చివర్లో, 2006లో మన దగ్గర ఊళ్ళకి ఊళ్ళు ఇలాగే కుంటుతూ తిరిగాయి. చాలామందికి మెల్లగా తగ్గిపోతాయి. మూడు నెలలు దాటినా వాపు కూడా ఉంటే డాక్టరుకి చూపించండి.

అర్ధరాత్రి కాలి బొటనవేలు నిప్పులా మండింది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను.

ఇది చాలావరకు గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీలులో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. బీరు, మద్యం, మేక కాలేయం లాంటివి దాన్ని పెంచుతాయి. నొప్పి వచ్చిన రోజు రక్తంలో లెక్క మామూలుగానే కనిపించొచ్చు, కాబట్టి తగ్గాక మళ్ళీ చేయించండి. ఏ నొప్పీ లేకుండా ఊరికే రిపోర్టులో కాస్త ఎక్కువొచ్చిందని మందులు మొదలుపెట్టాల్సిన పని సాధారణంగా ఉండదు.

నడుం పట్టేసింది, ఎం.ఆర్.ఐ.లో డిస్క్ జారిందన్నారు. మంచం మీదే ఉండాలా?

ఒకటి రెండు రోజులు చాలు. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త. ఆ తర్వాత లేచి తిరిగినవాళ్ళే త్వరగా కోలుకుంటారు. ఏ నొప్పీ లేని మనుషుల్ని స్కాన్ చేసినా డిస్క్ ఉబ్బులు చాలామందిలో కనిపిస్తాయి, కాబట్టి ఫిలిం చూసి బెంబేలెత్తొద్దు. కాలులోకి లాగే నొప్పి కూడా ఆరేడు వారాల్లో ఎక్కువమందికి తగ్గుతుంది. మూత్రం తెలియకుండా పోవడం లేదా రాకపోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, పాదం పైకి లేవకపోవడం మాత్రం ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళాల్సినవి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడంతో పాటు వెన్ను నొప్పి ఉంటే వెన్నెముక టీబీ ఉందేమో చూడాలి. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. కుర్రవాళ్ళకి నిద్రలో లేపేసే నడుం నొప్పి వచ్చి, కదిలితే తగ్గుతూ పడుకుంటే పెరుగుతుంటే అది డిస్క్ కాకపోవచ్చు, రుమటాలజిస్టుకి చూపించండి.

భుజం ఎత్తలేకపోతున్నాను, జాకెట్టు వెనక హుక్కు పెట్టుకోలేకపోతున్నాను.

షుగర్ ఉందేమో ముందు చూపించుకోండి. కీలు పొర కుంచించుకుపోయే ఈ బిగుతు షుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. ఏడాది నుంచి మూడేళ్ళలో చాలామందికి వదులుతుంది. గోడ మీద వేళ్ళతో పైకి పాకిస్తూ రోజూ ఒక గీత పెంచుకోండి.

## పరీక్షలు, మందులు

క్యాంపులో మడమకి మిషన్ పెట్టి ఎముకలు గుల్లబారాయన్నారు. నమ్మొచ్చా?

ఆ మిషన్ ఒక సూచన మాత్రమే ఇస్తుంది. నిర్ధారణకి నడుం, తుంటి దగ్గర ఎముక గట్టితనం కొలిచే డెక్సా స్కాన్ కావాలి. అందులో టి-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల ఎముకతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందకి ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. చిన్నగా పడినా మణికట్టో తుంటో విరిగిందంటే, లేదా మనిషి ఎత్తు తగ్గి నడుం వంగుతోందంటే, ఎముక ముందే హెచ్చరించినట్టు. విరిగినదానికి కట్టు కట్టించుకుని ఊరుకోకుండా, ఎముక బలానికి మందు కూడా అడగండి.

ఒకాయన ఇచ్చే పొడితో నొప్పి రెండు గంటల్లో పోతోంది. వాడమంటారా?

పేరు లేని పొడీ మాత్రా అంత వేగంగా పనిచేస్తే అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటుందేమోనని అనుమానించండి. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, తుంటి బంతికి రక్తం అందక అది కుంగిపోతుంది. ఇప్పటికే వాడుతుంటే ఉన్నపళంగా ఆపడం కూడా ప్రమాదమే, ఆ పొడి తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మందుల షాపులో అడిగి రోజూ వేసుకునే నొప్పి మాత్రలూ కిడ్నీని, కడుపునీ దెబ్బతీస్తాయి.

## ఆపరేషన్ దగ్గరికి వచ్చాక

మోకాలు మార్పిస్తే ఎన్నేళ్ళు పనిచేస్తుంది? కింద కూర్చోవచ్చా?

పదింటిలో ఎనిమిది దాకా 25 ఏళ్ళు నిలుస్తున్నాయి. ఎప్పుడు చేయించాలన్నది ఎక్స్‌రే ఒక్కదాన్నిబట్టి చెప్పేది కాదు. వ్యాయామం, బరువు, మందులు అన్నీ చూశాక కూడా నొప్పి నిద్ర చెడగొడుతూ, వీధి చివరిదాకా నడవనివ్వకపోతే అప్పుడు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం సాధారణంగా వద్దంటారు. ఇంట్లో కుర్చీ మరుగుదొడ్డి ముందే పెట్టించుకోండి. లోపల పెట్టే కీలు ధరకి 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది, కాబట్టి బిల్లులో ఆ వరుస విడిగా చూపించమని అడగండి.

ఆపరేషన్ అయిన మర్నాడే లేపి నడిపిస్తున్నారు. కుట్లు తెగవా?

తెగవు. వాకర్ పట్టుకుని వేసే ఆ నాలుగు అడుగులే కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా కాపాడతాయి. మొదటి వారాల్లో వంచడం గురించి అందరూ ఆరాటపడతారు, పూర్తిగా చాపడం మర్చిపోతారు. చాపలేని మోకాలితో జీవితాంతం కుంటాలి. పక్కనున్నవాళ్ళు జాలిపడి మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు, హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది. ఆ దిండు తీసి మడమ కింద పెట్టండి.